ఒక చిన్న క్రియ, దాని పల్లవాలు

మా తెలుగు శాఖకూ ఆంగ్ల శాఖకూ నడుమ అడ్డుగా ఉన్నది ఒక చెక్క బీరువా మాత్రమే. ఆ బీరువాకు అవతల పాఠం విని వచ్చిన విద్యార్థులు కొందరు ఇవతలి తలుపు దగ్గర నిలబడి, "సార్, ఒక్క మాట" అంటారు. ఆ ఒక్క మాట తెలుగు మాట అయి ఉండుట అరుదు. ఆంగ్లంలో కలిగిన సందేహాన్ని ఆంగ్లంలోనే అడగవలసి వస్తుందేమోనని వారి భయం. తెలుగు అధ్యాపకుల వద్ద ఆ బాధ లేదు. తప్పు మాట్లాడినా తెలుగువారికి తెలియదులే అను ధైర్యం కూడా కొంత ఉన్నదేమో! ఏమైనను, తెలుగు చెప్పుకొని జీవించే మేము కొన్ని సంవత్సరాలుగా ఆంగ్ల క్రియల మంచిచెడ్డలు చూడవలసి వచ్చినది. మా ఆంగ్ల శాఖ మిత్రులు ఇందుకు నొచ్చుకొనలేదు సరికదా, చేతనైనంత చెప్పండి, మిగిలినది మేము సరిదిద్దుకొంటాము అన్నారు.

వీరు అడిగే మాటలు ఎటువంటివి? పెద్ద మాటలు కావు. ‘కాన్‌స్టిట్యూషన్’ గాని, ‘ఫొటోసింథసిస్’ గాని ఎవ్వరూ అడుగరు. అవి పలుకుటకు కష్టమైనా, ఒకసారి అర్థం తెలిసిన తరువాత ఎక్కడికీ కదలని మాటలు. అటువంటి మాటలకు మన దేశభాషలలో దీటైన మాటలు కల్పించుట అసాధ్యం కాదని హైదరాబాదులో 1917లో నెలకొల్పిన దారుల్ తర్జుమా వారు నిరూపించినారు. ఆ మరుసటి సంవత్సరం ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కావలసిన శాస్త్ర పరిభాషను వారు ఉర్దూలో సిద్ధం చేసి పెట్టినారు. గణితం, వైద్యం, న్యాయశాస్త్రం అన్నీ లొంగినవి. లొంగనివి ‘పుట్’, ‘గెట్’, ‘టేక్’, ‘లుక్’, ‘గివ్’ వంటి మూడేసి, నాలుగేసి అక్షరాల మాటలు. అవి ఒంటరిగా ఉన్నపుడు పసిపిల్లవాడికైనా తెలుస్తాయి. వాటి ప్రక్కన ‘అప్’ అనియో, ‘ఆఫ్’ అనియో, ‘అవుట్’ అనియో ఒక చిన్న ముక్క వచ్చి నిలబడినదా, పట్టభద్రుడైనా తడుముకొనవలసినదే.

ఇది పరీక్షలో రెండు మార్కుల వ్యవహారమని తోచవచ్చును. అట్లు తోచేవారికి మా విద్యార్థి ఒకని సంగతి చెప్పవలసి ఉన్నది. ఇంటర్మీడియట్‌లో ఆంగ్లమున మంచి మార్కులు తెచ్చుకొన్నవాడు, తండ్రి దర్జీ. ఒక సంస్థవారు పదునాలుగవ తేదీన జరుగవలసిన ఇంటర్వ్యూ గురించి ఇతనికి ఉత్తరం రాసినారు. ఆ ఇంటర్వ్యూ ‘హ్యాజ్ బీన్ పుట్ ఆఫ్’ అని అందులో ఉన్నది. ‘పుట్’ అనగా పెట్టుట. ‘హ్యాజ్ బీన్ పుట్’ అనగా పెట్టబడినది. పదునాలుగున ఇంటర్వ్యూ పెట్టినారు. ఇంతకంటె స్పష్టమైన లెక్క ఏమున్నది? తండ్రి రెండు రోజులు కుట్టిన కూలి చేతికిచ్చినాడు. పిల్లవాడు రాత్రి బస్సెక్కి, తెల్లవారి ఆ సంస్థ గేటు దగ్గర ఇస్త్రీ చొక్కాతో నిలబడినాడు. ఈ రోజు ఏమీ లేదని కాపలాదారు చెప్పినాడు. ఉత్తరం తీసి చూపితే, లోపలి గుమాస్తా ఒకరు చదివి, నవ్వి, అర్థం చెప్పి పంపినారట.

ఈ సంగతి అతడు రెండు నెలలు ఎవ్వరికీ చెప్పలేదు. ఇంటిలో కూడా ఇంటర్వ్యూ బాగానే జరిగిందన్నాడట. మాతో చెప్పినపుడు అతడు అన్నది ఒక్కటే మాట: "పోస్ట్‌పోన్ అని రాసి ఉంటే నేను కదిలేవాణ్ణి కాను సార్." నిజమే. ‘పోస్ట్‌పోన్’ అతనికి తెలుసు. వాక్యంలో ప్రయోగించుట కూడా తెలుసు. కార్యాలయాల ఉత్తరాలలో సాధారణంగా ఆ మాటే ఉంటుంది. ఈ ఉత్తరం రాసినవారెవరో గాని ఇంగ్లీషువారు ఇంట్లో మాట్లాడుకొనే ఇంగ్లీషు రాసినారు. మనవాడికి వచ్చిన ఆపద అదే.

అతనిలో లోపమేమీ లేదని చెప్పుటకు మా వద్ద గట్టి సాక్ష్యం ఉన్నది. 1755లో ఆంగ్ల నిఘంటువును ప్రచురించిన శామ్యూల్ జాన్సన్, దాని పీఠికలోనే ఈ విషయం ప్రస్తావించినాడు. క్రియ ప్రక్కన ఒక చిన్న పదాన్ని చేర్చి అర్థాన్ని మార్చివేయుట ఆంగ్లంలో మెండు అనియు, పరదేశీయులకు అన్నిటికంటె ఎక్కువ కష్టం కలిగించేది ఇదేననియు ఆయన ఒప్పుకొన్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరు అచ్చులోకి వచ్చినది చాలా ఆలస్యంగా, 1925లో, లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన గ్రంథంలో. అనగా వందల సంవత్సరాలు నోటినిండా వాడుకొన్న తరువాతగాని ఇంగ్లీషువారికే వీటికొక పేరు కుదరలేదు.

ఇక మన గైడు పుస్తకాలు చేసే ఉపకారం చెప్పనలవి కాదు. ‘పుట్’తో మొదలయ్యేవన్నీ అక్షరక్రమంలో ఒకదాని క్రింద ఒకటి పేర్చి, ఎదుట ఒక్కొక్క మాట అర్థం ఇస్తారు. రాత్రంతా వల్లె వేసిన విద్యార్థికి ఉదయానికి ఆఫ్‌కు అవుట్, అవుట్‌కు అప్ తగులుకొని, చదవేస్తే ఉన్న మతి పోయినట్లవుతుంది. అక్షరక్రమానికీ అర్థానికీ చుట్టరికం ఏమున్నది గనుక?

మేము చేసినది వేరు. తెలుగు వ్యాకరణం తరగతిలో ‘శబ్దపల్లవం’ చెప్పే రోజున, నల్లబల్ల మీద ‘పెట్టు’ అని ఒక్క ధాతువు రాసినాము. దీనికి ఎన్ని పల్లవాలు పుట్టించగలరో చెప్పండి అన్నాము. పల్లవమనగా చిగురు. ధాతువుకు ముందు మరొక మాట చేరి, రెండూ కలిసి, విడివిడిగా రెండింటిలోనూ లేని ఒక కొత్త అర్థాన్ని చిగురింపజేస్తే దానిని మన వ్యాకర్తలు శబ్దపల్లవమన్నారు. మొదట తరగతి కదలలేదు. తరువాత ఒకరు ‘కనిపెట్టు’ అన్నారు. ‘తలపెట్టు’ అని మరొకరు. ఆ పైన ఆపుట మా తరం కాలేదు. పేరు పెట్టు, మొర పెట్టు, వంక పెట్టు, కూడబెట్టు, పెడచెవిన పెట్టు, అర్జీ పెట్టు, సెలవు పెట్టు... వెనుక బల్లనుండి ఒకడు "వెలగబెట్టు" అన్నాడు. అందరూ నవ్వినారు. వ్యాకరణం ప్రకారం ఇందులో అన్నీ శబ్దపల్లవాలు కావని పండితులు అనవచ్చును. ఆ రోజు మేము ఆ తగవు పెట్టుకొనలేదు.

అప్పుడు అడిగినాము: కని పెట్టుట అంటే చూచి ఎక్కడైనా పెట్టుటా? తలను తీసి పెడితే తలపెట్టుట అవుతుందా? సెలవును ఏ గూటిలో పెడతాము? మన బడికి ఒక ఇంగ్లీషు పిల్లవాడు వచ్చి ఇవి నేర్చుకొనవలసి వస్తే అతని గతి ఏమి? తరగతి అంతా ఆ కనబడని ఇంగ్లీషు పిల్లవానిపై జాలిపడినది. ఆ జాలి మాకు చాలా పనికి వచ్చినది. అంతవరకు ‘పుట్ ఆఫ్’, ‘పుట్ అవుట్’ అనునవి తమను అవమానించుటకై ఎవరో పన్నిన కుట్రలని వారి అభిప్రాయం. ఇంత కుట్ర తమ ఇంటి భాషలోనూ ఉన్నదని, దానిని తాము పాలతోపాటు త్రాగినామని వారికి ఆ రోజు తెలిసినది.

ఈ ‘పెట్టు’ను ఊరకే ఎన్నుకొనలేదు. బ్రౌను దొర తెలుగు నిఘంటువులో ఈ ధాతువుకు ఇచ్చిన మొదటి అర్థం ‘పుట్’. ఇవి రెండూ జోడు గుర్రాల వలె కొంత దూరం కలిసి నడుస్తాయి. అర్జీ పెట్టుట ‘పుట్ ఇన్’. ప్రక్కన పెట్టుట ‘పుట్ అసైడ్’. కూడబెట్టుట ‘పుట్ బై’. తరువాత ఒక మలుపులో విడిపోతాయి. ఆ మలుపు దీపం దగ్గర ఉన్నది. సందెవేళ మన ఇంటిలో దీపం పెడతారు, అనగా వెలిగిస్తారు. ఇంగ్లీషువాడు దీపాన్ని ‘పుట్ అవుట్’ చేసినాడంటే చీకటి చేసినాడన్నమాట. ఆరిపోయినదని చెప్పుటకు మన పెద్దలకు నోరు రాదు. దీపం ఘనమైనదంటారు, కొండెక్కినదంటారు. ఈ మాట చెప్పుచుండగా ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన ఒక అమ్మాయి లేచి, తమ నానీ కూడా ‘చిరాగ్ బుఝావో’ అననివ్వదని, ‘చిరాగ్ బఢావో’ అనమంటుందని చెప్పినది. బఢానా అనగా పెంచుట. తెలుగువారు ఘనమైనదన్నారు, ఉర్దూవారు పెంచమన్నారు. రెండిళ్ళలోనూ ఆరిపోయినది ఒకే దీపం. దీనికి మేము ఏ వ్యాఖ్యానమూ చేయలేదు. తరగతిలో రెండు వైపుల కూర్చొన్నవారు ఒకరినొకరు చూచుకొన్నారు.

ఉర్దూవారి కష్టం మరొక తీరున ఉన్నది. వారి ‘రఖ్నా’ ఒక్కటే ఆంగ్లంలో ‘పుట్’ కూడాను, ‘కీప్’ కూడాను. కనుక బల్లపై పుస్తకం ‘పుట్’ చేయవలసిన చోట ‘కీప్’ అంటారు. హైదరాబాదు వీధులలో ఈ ప్రయోగం ఎంత పాతుకొన్నదంటే దీనిని తప్పనుటకు మాకు జంకుగా ఉన్నది. ఒకడు మరో అడుగు వేసి, సెలవు చీటీలో ‘ఐ పుట్ రోజా’ అని రాసినాడు. రోజా రఖ్నా కదా! తెలుగులో రోజా ఉంటాము, ఉర్దూలో పెడతాము, ఆంగ్లంలో ‘కీప్’ చేస్తాము. ఉపవాసం ఒక్కటే, ఆకలి ఒక్కటే. ఆ చీటీపై మేము ‘కీప్’ అని దిద్ది సెలవు మంజూరు చేసినాము.

అయితే ఉర్దూవారి చేతిలో తెలుగువారికంటె ఎక్కువగా సాన పట్టిన ఆయుధం ఒకటి ఉన్నది. క్రియ వెనుక మరొక చిన్న క్రియను నిలిపి, చెప్పేవాని ఉద్దేశాన్ని ఇట్టే మార్చుట. మా ఉర్దూ శాఖ మిత్రులు వీటిని ఇమ్దాదీ ఫేల్ అంటారని చెప్పినారు. సాయపడే క్రియ అని అర్థం. ‘కహ్ దేనా’ చెప్పివేయుట. ‘కహ్ డాల్నా’ మనసులో ఉన్నదంతా వెళ్ళగ్రక్కుట. ‘కహ్ బైఠ్నా’ అనకూడనిది తొందరపడి అనివేయుట. ఇందులో బైఠ్నా అనగా కూర్చొనుట. ఎవరు కూర్చొన్నారు, ఎక్కడ కూర్చొన్నారు అని ఏ ఉర్దూ పిల్లవాడూ అడుగడు. అటువంటప్పుడు ‘పుట్ అప్ విత్’లో పైకి పోయినది ఏమిటని ఎందుకు అడుగవలెను?

ఇక్కడ మా ఆంగ్ల మిత్రులు ఒక మంచి కీలకం అందించినారు. క్రియను విడిచి, దాని వెనుక నిలిచే చిన్న ముక్కను పట్టుకొనమన్నారు. ‘ఈట్ అప్’, ‘డ్రింక్ అప్’, ‘యూజ్ అప్’ అన్నపుడు ఆ ‘అప్’ ఆకాశంవైపు చూపుట లేదు. పని పూర్తి అయినదని చెప్పుచున్నది. తెలుగులో తినివేయు, త్రాగివేయు అన్నపుడు ‘వేయు’ చేసే పని ఇదే. ఖా జానా, పీ జానా అన్నపుడు ‘జానా’ చేసే పని ఇదే. అదే విధంగా ‘ఆఫ్’లో ఎడబాటు ఉన్నది. ఈ రోజునుండి పనిని ఎడంగా నెట్టివేస్తే ‘పుట్ ఆఫ్’. ఆ పిల్లవాని ఇంటర్వ్యూ పదునాలుగవ తేదీనుండి అట్లు ఎడబాసినది. ఈ కీలకం అన్ని తలుపులనూ తీయదు. తీసినన్ని తీస్తుంది, తక్కినవాటిని వాడుకను బట్టి గుర్తు పెట్టుకొనవలసినదే, తప్పదు.

మాకు అన్నిటికంటె నచ్చినది ‘పుట్ డౌన్’. బరువును క్రింద పెట్టితే ‘పుట్ డౌన్’. పేరును కాగితంపై రాసికొంటే ‘పుట్ డౌన్’. నలుగురిలో ఒకనిని కించపరిస్తే ‘పుట్ డౌన్’. తిరుగుబాటును అణచివేస్తే అదీ ‘పుట్ డౌన్’. చరిత్ర పుస్తకంలో 1857 తిరుగుబాటు ‘వాజ్ పుట్ డౌన్’ అని చదివి, ఒక విద్యార్థి, తిరుగుబాటును రాసిపెట్టినారని అనువదించినాడు. తరగతి నవ్వినది. మేము నవ్వలేదు. అణచినవారే చాలాకాలం దానిని రాసిపెట్టినారు కూడా. అందువలన ఆ అనువాదంలో చరిత్ర తప్పు లేదు, ఆంగ్లం తప్పు మాత్రమే ఉన్నది. సందర్భం చూడనిదే ఈ నాలుగింటిలో ఏది అని తేల్చుట ఎవరికీ సాధ్యం కాదు. కాబట్టి విడి మాటగా రాసికొనవద్దని, వాక్యం మొత్తం రాసికొనమని చెప్పుచున్నాము.

వాక్యం రాసికొంటే మరొక చిక్కు కూడా తీరుతుంది. ‘పుట్ అవుట్ ద ల్యాంప్’ అనవచ్చును, ‘పుట్ ద ల్యాంప్ అవుట్’ అనవచ్చును. కాని దీపానికి బదులు ‘ఇట్’ అను సర్వనామం వస్తే అది నడుమనే కూర్చొనవలెను: ‘పుట్ ఇట్ అవుట్’. ‘పుట్ అవుట్ ఇట్’ అంటే ఇంగ్లీషు చెవికి రాయి తగిలినట్లుంటుంది. ‘పుట్ అప్ విత్’ మాత్రం ఎవరినీ నడుమకు రానివ్వదు. మన ‘కనిపెట్టు’లో ‘కని’కీ ‘పెట్టు’కూ నడుమ ఎవరినైనా కూర్చోబెట్టగలమా? అటువంటిదే.

ఆంగ్లం ప్రతిచోటా కఠినమని అనుకొనుట కూడా న్యాయం కాదు. బట్టల విషయం చూడండి. తెలుగులో చీర కట్టవలెను, చొక్కా తొడగవలెను, కళ్ళజోడు పెట్టుకొనవలెను. ఉర్దూలో కుర్తా పహన్నా, దుపట్టా ఓఢ్నా, సాఫా బాంధ్నా, ఐనక్ లగానా. ఇంగ్లీషువాడు తలనుండి కాలివరకు అన్నిటికీ ‘పుట్ ఆన్’ అని ఊరకున్నాడు. ఒళ్ళు చేసినా ‘పుట్ ఆన్ వెయిట్’ అంటాడు. బరువును కూడా చొక్కావలె తొడుక్కొంటాడు కాబోలు.

ఇప్పుడు మా వద్ద ఒక నోటుపుస్తకం ఉన్నది. ప్రతి పుటలో మూడు గళ్ళు: ఆంగ్లం, తెలుగు, ఉర్దూ. విద్యార్థులు తాము చదివినదానిలో, విన్నదానిలో ‘పుట్’ ఎక్కడ కనబడితే ఆ వాక్యం తెచ్చి మొదటి గడిలో రాస్తారు. తక్కిన రెండు గళ్ళు ఇంటివద్ద అడిగి నింపవలెను. నిఘంటువు చూచి నింపరాదని మా నియమం. ఎందుకంటే నిఘంటువు ‘పుట్ అప్ విత్’కు సహించుట అంటుంది. ఆ మాట సరియైనదే గాని బరువెక్కువ. సహనం పెద్ద దుఃఖాలకు కావలెను. ప్రక్కింటి రేడియో మోతకు, ఉప్పు తక్కువైన కూరకు, కరెంటు లేని మధ్యాహ్నానికి కావలసినది అంతటి గుణం కాదు. ఒక విద్యార్థిని తల్లి దీనికి ‘సర్దుకొనిపోవుట’ అని చెప్పినదట. మరొకరి తండ్రి ‘నిభా లేనా’ అన్నాడట. బడికి పోని ఆ తల్లి, లారీ నడిపే ఆ తండ్రి గైడు రాసినవారికంటె గురి చూచి కొట్టినారు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భమున ఒక మనవి. మన గ్రంథాలయంలో ఉన్న ఆంగ్ల నిఘంటువులు ఆంగ్లం మాతృభాషగా గలవారికై కూర్చినవి. జపాన్‌లో ఆంగ్లం బోధించిన హార్న్‌బీ, అక్కడి విద్యార్థుల ఇబ్బందులు చూచి, పరాయివారికై ఒక నిఘంటువు కూర్చినాడు. అది మొదట 1942లో జపాన్‌లోనే అచ్చయినది. తరువాత ఆక్స్‌ఫర్డ్ వారి పేర ఎన్నో ముద్రణలు పొందినది. ఏ క్రియ ప్రక్కన ఏ ముక్క వస్తుందో, నడుమ ఎవరు కూర్చొనవచ్చునో అందులో తెలుస్తుంది. అవి నాలుగు ప్రతులు తెప్పించి, వారానికి ఒక గంట మూడు భాషల అధ్యాపకులనూ ఒకే గదిలో కూర్చొననిస్తే చాలును. బీరువా జరుపుటకు మేము సిద్ధముగా ఉన్నాము.

నోటుపుస్తకంలో ‘పుట్’ పుటలు దాదాపు నిండినవి. ఆ దర్జీ కుమారుడు కూడా ఒక పుట రాసినాడు. ‘పుట్ ఆఫ్’ ఎదుట తెలుగు గడిలో ‘వాయిదా’ అని ఒకే మాట ఉన్నది, వాక్యం లేదు. మేము అడుగలేదు. చివరి పుటలో ద్వితీయ సంవత్సరం అమ్మాయి ఒకతె రాసినది ఇది: ఇంటికి వచ్చిన చుట్టాన్ని మొదటి వారం ‘పుట్ అప్’ చేస్తాము, రెండవ వారంనుండి ‘పుట్ అప్ విత్’ చేస్తాము. ఉర్దూ గడి ఆమె ఇంకా నింపలేదు. ఇంటిలో చుట్టాలున్నారట, వారు వెళ్ళిన తరువాత అడుగుతానన్నది. రంజాన్ సెలవుల అనంతరం ‘టేక్’ మొదలు పెట్టవలెనని తలపెట్టినాము.